నురగ లేని ఉతుకు

గడియారాల తాత కుర్చీలో వెనక్కి వాలాడు. గడ్డం గీయడం అయిపోయింది. షాపతను వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలును తాత రెండు చెంపల మీదా పరిచి అరచేతులతో అదిమాడు.

మామూలుగా అయితే తాత ఇక్కడ నిద్రపోతాడు. గడ్డం ఒక నెపమేనని, ఆ కునుకు కోసమే ఆయన షాపుకు వెళతాడని ఇంట్లో కోడలు అంటుంది. వేడి తువ్వాలు కింద సన్నగా గురక పెడతాడు. తువ్వాలు చల్లారితే మెలకువ వస్తుంది. లేచి, నాలుగు గుమ్మాల అవతలున్న తన గడియారాల కొట్టుకు వెళ్లిపోతాడు.

ఆ రోజు గురక రాలేదు. తాత తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏరా అబ్బాయ్, గడ్డం నువ్వు గీశావా, ఇది గీసిందా?"

"అదేంటి తాతా అలా అంటావు?"

"రెండోసారి గీసిందిరా. నీకన్నా లోతుగా గీసింది. నీళ్లన్నీ మెడలోకి కారాయి. తువ్వాలు నీళ్లు పీల్చాలి గానీ కక్కకూడదు."

బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. షాపతను కూడా నవ్వాడు. కానీ సాయంత్రం షాపు మూసేటప్పుడు, అరలోంచి ఉతికి మడిచిన తువ్వాలు ఒకటి తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చి దాన్ని బల్ల మీద నిలబెట్టాడు. తువ్వాలు నిలబడింది. చెయ్యి తీసేసినా పడలేదు.

"చూడు వదినా."

వదిన చూసింది. వంటగదిలోంచి ఆమె తోడికోడలు, అంటే షాపతని భార్య, తొంగిచూసింది. తువ్వాలు నలుగురిలో పెద్దమనిషిలాగా నిలబడే ఉంది.

"తాత పొద్దున నిద్రపోలేదు," అన్నాడు మరిది.

"నిద్రపోకపోతే నేనేం చెయ్యను? వచ్చి జోలపాట పాడనా?"

"తువ్వాలు గీరుకుంటోందట. మొన్న ఇంకొకాయన కూడా అన్నాడు. నీకు చెప్పలేదు."

"చెప్పాల్సింది."

"చెబితే నువ్వేమంటావో నాకు తెలుసు. గడ్డం సరిగ్గా గీసుండవంటావు."

"అనేదాన్నే."

మరిది కూర్చున్నాడు. తువ్వాలు మీద వేలితో కొట్టాడు. చెక్క మీద కొట్టినట్టు చప్పుడయింది.

"పక్కవీధి లాండ్రీ అతను ఎప్పటినుంచో అడుగుతున్నాడు. షాపు సెలవు మర్నాడు వచ్చి తువ్వాళ్ల బుట్ట తీసుకెళతానన్నాడు. నేను సరేనన్నాను. నీక్కూడా కాస్త విశ్రాంతిగా ఉంటుంది కదా."

తిట్టినా ఆమె పడేది. ఆ విశ్రాంతి అన్న మాటే గుచ్చుకుంది.

"సెలవు మర్నాడు కదా?" అంది.

"అవును."

"అప్పటిదాకా బుట్ట నాదే."

ఆమె నిలబడ్డ తువ్వాలును తీసి, బలవంతాన మడిచి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

*

వీధిలో ఆమెను తువ్వాళ్ల వదిన అంటారు. మరిది ఒక్కడే అయినా షాపుకొచ్చే వాళ్లందరికీ ఆమె వదినే. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

పెళ్లయి వచ్చేనాటికి షాపులో రెండు కుర్చీలుండేవి. ఒకటి భర్తది, ఒకటి అతని తమ్ముడిది. అన్నదమ్ములు గడ్డాలు గీసేవాళ్లు, జుట్టు కత్తిరించేవాళ్లు. ఆమె తువ్వాళ్లు ఉతికేది. మొదట్లో మేడ వెనకాల రాతి మీద చేత్తోనే ఉతికింది. సబ్బుకు వేళ్ల సందులు పాసిపోయి, చలికాలంలో పగిలేవి. ఒకరోజు భర్త ఆమె చేయి పట్టుకుని వెలుతురులో చూశాడు. కొన్నాళ్లకు అన్నదమ్ములిద్దరూ ఒక వాషింగ్ మిషనును తాడు కట్టి మెట్ల మీదుగా పైకి లాక్కొచ్చారు. మెట్టుమెట్టుకూ ఒకరినొకరు తిట్టుకున్నారు. స్నానాలగది పక్కన, కిటికీ కింద పెట్టారు. ముందువైపు గుండ్రటి అద్దపు తలుపున్న మిషను. ఆ అద్దంలోంచి లోపల తిరిగే గుడ్డలు కనబడతాయి. ఆమె ముక్కాలిపీట లాక్కుని మొదటి ఉతుకు మొదటినుంచి చివరిదాకా చూసింది.

భర్త పోయాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు ఎవరో ఒక కస్టమరు కూర్చుని తన వంతు కోసం ఎదురుచూస్తుంటాడు. గీసేవాడు ఒక్కడే. భర్త కత్తులు తమ్ముడికి వచ్చాయి. ఆమెకు తువ్వాళ్లు మిగిలాయి. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, మాకు షాపుంది అంటుంది. మా మరిదికి షాపుంది అని ఎప్పుడూ అనలేదు. పొద్దున ఆమె ఉతికిన తువ్వాళ్లు వెళితే తప్ప ఆ షాపు తెరుచుకోదు. అందుకని ఆ మాట అబద్ధం కాదు.

బుట్ట లాండ్రీకి వెళితే ఆ మాట అబద్ధమవుతుంది. ఆ తర్వాత ఆమె మరిది ఇంట్లో తిని కూర్చునే అన్నగారి భార్య. ఎవరూ పైకి అనరు. అన్నం పెట్టేటప్పుడు కూడా అనరు. అది ఇంకా కష్టం.

*

మర్నాడు మెకానిక్కు వచ్చాడు. మిషను ముందు గొంతుక్కూర్చుని, పౌడరు పోసే సొరుగు లాగాడు. అది రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగితే చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. లోపలి మూలల్లో బూడిదరంగు ముద్ద గట్టిపడి ఉంది. గోటితో గీరితే పెచ్చుగా లేచింది.

"ఇది పౌడరమ్మా. మీరు వేసిందే. కరగకుండా ఉండిపోయింది."

టార్చి వేసి, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పాడు. ముక్కు చిట్లించుకుని మళ్లీ మూసేశాడు. డ్రమ్మును చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాడు.

"నీళ్లు కాచే కడ్డీ మీద గార పట్టింది. ఇక్కడివి సున్నపు నీళ్లు. అందుకే నీళ్లు తొందరగా వేడెక్కడం లేదు. ఇంతకీ పౌడరు ఎంత వేస్తున్నారు?"

ఆమె డబ్బాలోని గరిటె చూపించింది. అది మిషనుతో వచ్చిన చిన్న గరిటె కాదు, పెద్దది.

"ఒకటేనా?"

"నురగ లేచేదాకా."

మెకానిక్కు నవ్వాపుకున్నాడు. "నురగతో పనేంటమ్మా? నురగ కూడా కడగాల్సిందే. అదీ మురికే."

ఆ మాటను ఆమె చెవిన వేసుకోలేదు. ఇతనికి స్క్రూలు తెలుసు, నురగ గురించి ఏం తెలుసు? ఈ ఇంట్లో నురగను తాతల నాటినుంచి చూస్తున్నారు. మామగారు కొడుకులకు కత్తి ఇవ్వడానికి ముందు గిన్నె, బ్రష్షు ఇచ్చారు. సబ్బు అరగదీసి, గిలకొట్టి, నురగలో బ్రష్షు నిలబెట్టి చూపించాలి. బ్రష్షు వాలిపోతే మళ్లీ మొదటినుంచి. నిలబడితే ఆ రోజు పాఠం అయినట్టు. నురగ నిలబడితే కత్తి జారుతుంది, నిలబడకపోతే తోలు లేస్తుంది అనేవారాయన. ఆ మాట షాపు దాటి ఇంట్లోకి వచ్చింది. గిన్నెలు తోమే సబ్బు కొన్నా నురగ చూసే కొంటారు. తోడికోడలు దర్జీ కూతురు, వేరే పనివాళ్ల ఇంటినుంచి వచ్చింది. "అక్కా, నిన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు నీకు పాట వచ్చా అని అడిగారా, నురగ వచ్చా అని అడిగారా?" అని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

కాబట్టి వదిన మిషను అద్దంలోకి చూసేది. నురగ అద్దానికి సగం దాకా లేస్తేనే ఉతుకు. ఆ మేడకు వచ్చే బోరు నీళ్లలో నురగ ఒక పట్టాన లేవదు. అప్పుడు సొరుగు తీసి ఇంకో గరిటె వేసేది. అప్పటికీ లేవకపోతే మరొకటి. తువ్వాళ్లు గరుకుగా వస్తే మురికి పోలేదనుకుని, ఈసారి ఇంకాస్త.

"వయసైపోయిందమ్మా. పారేసి కొత్తది తీసుకోండి," అన్నాడు మెకానిక్కు లేచి చేతులు తుడుచుకుంటూ.

"ఈ ఇంట్లో వయసైపోయినవాళ్లని పారేసే అలవాటు లేదు బాబూ. టీ తాగి వెళ్లు."

అతను టీ తాగి వెళ్లాడు. అతను మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఆమె తువ్వాళ్లు మిషనులో వేసి, ఎప్పటికన్నా రెండు గరిటెలు ఎక్కువ పోసింది. గుడ్డల్ని మెత్తబరిచే ద్రవం కూడా పోసింది. నురగ అద్దమంతా నిండింది. ఆమెకు ధైర్యం వచ్చింది.

ఆరాక తువ్వాళ్లు చేతికి జిగటగా తగిలాయి. ఒకదాన్ని ఒళ్లో పరుచుకుని, గ్లాసులో వేలు ముంచి ఒక నీటిబొట్టు దాని మీద వేసింది. బొట్టు ఇంకలేదు. అలాగే గుండ్రంగా కూర్చుంది. తువ్వాలును వంచితే జారి కింద పడింది.

"తామరాకులు ఉతికావేంటి అక్కా," అంది తోడికోడలు. అని, ఆమె మొహం చూసి, లోపలికి వెళ్లిపోయింది.

*

షాపు సెలవు రోజు వచ్చింది. మరిది కత్తెరలు సానబట్టించడానికి వెళ్లాడు. బుట్టలో తువ్వాళ్లున్నాయి. మర్నాడు పొద్దున వాటిని ఎవరో ఒకరు మోసుకుపోతారు. లాండ్రీ అతనో, ఆమో.

మిషను తలుపు తీస్తే ముక్కిన వాసన వచ్చింది. ముందు దీన్ని ఒకసారి ఉత్తనీళ్లతో తిప్పుదామనుకుంది. లోపల గుడ్డ లేదు, పౌడరు లేదు. మీట నొక్కి, బియ్యం ఏరుకోవడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అద్దంలో నురగ ఉంది.

ఆమె నిలబడి చూసింది. ఉత్తనీళ్లలో నురగ అద్దానికి సగం దాకా లేచి, తెల్లగా, దట్టంగా తిరుగుతోంది. బ్రష్షు నిలబెడితే నిలబడేలా ఉంది.

"అమ్మాయ్, నువ్వేమైనా పౌడరు వేశావా?"

"నేనెందుకేస్తాను? ఆ డబ్బా ముట్టుకుంటే నువ్వు ఊరుకుంటావా?" అంది తోడికోడలు గదిలోంచి.

నీళ్లు పోయాయి. ఆమె మళ్లీ తిప్పింది. మళ్లీ నురగ వచ్చింది. అప్పుడామె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

ఇది ఈ రోజు నురగ కాదు. నిన్నటిదీ కాదు. ఆమె ఎప్పుడెప్పుడో వేసిన గరిటెలన్నీ లోపలే ఉన్నాయి. నీళ్లు మురికిని తీసుకుపోయాయి గానీ నురగను మోయలేకపోయాయి. అది సొరుగులో, రబ్బరు మడతల్లో, కనబడని గొట్టాల్లో, సున్నంతో కలిసి పొరలు పొరలుగా కూర్చుంది. ఉతికిన ప్రతిసారీ కాస్త కరిగి తువ్వాళ్లకే అంటుకుంది.

గీశాక చెంప మీద నురగ ఆరిపోతే తోలు బిగుస్తుందని షాపులో అందరికీ తెలుసు. భర్త రెండుసార్లు తుడిచేవాడు. చెవి వెనక కూడా వేలితో చూసేవాడు. నురగను పూర్తిగా తీసేయడానికే కదా తువ్వాలు. ఆమె ఆ తువ్వాలుకే నురగ పట్టించి పంపుతోంది.

ఆమె కూర్చున్నచోట నుంచి కదలకుండా మిషను వైపు చూస్తూ, "సరే," అంది. ఎవరితో అన్నదో తెలియదు. లేచి కొంగు బిగించింది.

*

ముందు సొరుగు ఊడదీసి బకెట్టు వేడినీళ్లలో ముంచింది. అది నానేలోపు మిషను కిందివైపున్న చిన్న మూత తెరిచింది. అక్కడ జల్లెడ ఉంటుందని మెకానిక్కు చూపించాడు. మూత కింద పళ్లెం పెట్టి, జల్లెడ బిరడా కొద్దికొద్దిగా తిప్పింది. నల్లటి నీళ్లు వచ్చాయి. పళ్లెం నిండితే బిరడా బిగించి, పారబోసి, మళ్లీ తిప్పింది. చివరికి జల్లెడ బయటికి వచ్చింది. దానికి ఒక ఎలుకంత జుట్టు చుట్టుకుని ఉంది.

తోడికోడలు ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది.

"కొండను తవ్వావు, ఎలుక దొరికింది."

"ఎలుక కాదే. జుట్టు."

"అబ్బో. ఈ వీధి మగాళ్ల తలలన్నీ మనింట్లోనే ఉన్నాయన్నమాట. చూడు, ఈ ఎర్రది బట్టలకొట్టాయనది. పుట్టుకతోనే నల్లజుట్టని ఒట్టేస్తాడు, ఇదిగో వెలిసిన రంగు."

ఇద్దరూ నవ్వారు. అందులో నల్లవి, తెల్లవి, రంగు వేసినవి అన్నీ ఉన్నాయి. ఎవరివి ఏవో తెలియదు. భర్త జుట్టు కూడా తమ్ముడే కత్తిరించేవాడు. ఆమె ముద్దను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, జల్లెడ కడగడం మొదలుపెట్టింది.

రబ్బరు మడతల్లోకి వేళ్లు వెళ్లలేదు. షాపులో పళ్లు విరిగిన దువ్వెన ఒకటి ఇంట్లో పడి ఉంది. దాని తోకకు తడిగుడ్డ చుట్టి మడత లోపల తిప్పింది. మొదటిసారి గుడ్డ నల్లగా వచ్చింది. గుడ్డ మార్చింది. మళ్లీ నల్లగానే వచ్చింది. మళ్లీ మార్చింది. మోకాళ్లు నొప్పెడితే కింద గోనెపట్టా మడిచి వేసుకుంది. తోడికోడలు సొరుగు తీసి, అరిగిన పళ్లబ్రష్షుతో మూలలు తోముతూ పక్కనే కూర్చుంది.

"ఇంత చాకిరీ కన్నా లాండ్రీకి ఇవ్వడం నయం కదక్కా? నా మాట కాదు, మీ మరిది మాట."

"నువ్వేమంటావు?"

"నేనేమంటాను. నేను వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే తడి తువ్వాలు నుదుటి మీద వేశావు. ఎంత మెత్తగా ఉందో. ఈ ఇంట్లో ఒకటైనా మెత్తగా ఉందిలే అనుకున్నాను."

ఆమె గుడ్డ తిప్పడం ఆపలేదు. "ఆ మూల సరిగ్గా తోము," అంది.

ఇక మిగిలింది గార. అది కంటికి కనబడదు, చేతికి అందదు. గోకితే పోదు. ఆలోచిస్తూ పొయ్యి వైపు చూసింది. షాపులో గడ్డాలకు నీళ్లు కాచే కెటిలుకు అడుగున తెల్లగా గార కట్టేది. భర్త సెలవు రోజున కెటిలు ఇంటికి తెచ్చి, అందులో నీళ్లు పోసి గుప్పెడు నిమ్మ ఉప్పు వేసి మరిగించేవాడు. పులుపు కోసం వాడతారే, ఆ తెల్లటి పలుకులు. మరిగించి అలాగే వదిలేసేవాడు. కాసేపటికి గార పెచ్చులుగా లేచేది.

మిషను మాత్రం ఏమిటి, పడుకున్న కెటిలు.

డబ్బాలో ఉన్న నిమ్మ ఉప్పంతా తీసుకొచ్చి ఖాళీ డ్రమ్ములో పోసింది. తోడికోడలు ఉత్సాహంగా బ్లీచింగు సీసా పట్టుకొచ్చింది.

"ఇది కూడా పొయ్యనా? ఒకే దెబ్బకు అన్నీ పోతాయి."

"అన్నీ అంటే మనం కూడా. తీసి దూరంగా పెట్టు. ఆ రెండూ కలిస్తే ఊపిరాడదు. మీ బావగారు ఒకసారి షాపులో కలిపి, దగ్గుకుంటూ రోజంతా వీధిలో నిలబడ్డాడు. వచ్చినవాళ్లంతా షాపు అమ్మేశారా అని అడిగారు."

అన్నిటికన్నా వేడి ఉతుకు పెట్టి మీట నొక్కింది. నీళ్లు వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. అద్దం వెచ్చబడ్డాక మధ్యలో ఆపేసింది. కెటిలును వదిలేసినట్టే వదిలేసింది. ఈలోగా కిటికీ తెరిచింది, అన్నం తింది, పీట మీదే కూర్చుని గోడకు ఆనుకుంది. నిద్ర రాలేదు. మళ్లీ మీట నొక్కింది.

డ్రమ్ము తిరిగింది. లోపల ఏదో గలగలమంది. ఎండిన గింజలు రాలినట్టు, ఇంకా రాలుతున్నట్టు. అద్దానికి బూడిదరంగు పెచ్చులు తగిలి జారాయి. నీళ్లు పోయాక జల్లెడ విప్పితే అందులో గుడ్డుపెంకుల్లాంటి తెల్లటి ముక్కలున్నాయి. తీసి కడిగి పెట్టింది. ఉత్తనీళ్లతో తిప్పింది. నురగ వచ్చింది. మళ్లీ తిప్పింది. నురగ వచ్చింది, కానీ తక్కువ.

"అక్కా, ఖాళీ మిషన్ని ఇన్నిసార్లు తిప్పితే అదేమనుకుంటుంది? పనిలేనిదానికి నేనే దొరికానా అనుకోదూ?"

"అనుకోనీ."

నురగ అద్దం అంచుకు దిగింది. తర్వాత నాలుగైదు బుడగలు. తర్వాత నీళ్లు. అద్దంలోంచి డ్రమ్ము లోపలి చిల్లులు ఒక్కొక్కటీ కనబడ్డాయి. ఇన్నేళ్లలో ఆమె వాటిని ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు తువ్వాళ్లు వేసింది. పౌడరు వెయ్యలేదు. తువ్వాళ్లలోంచే నురగ లేచింది. ఆమె ఇప్పుడు ఆశ్చర్యపోలేదు. నీళ్లు మార్చింది, మార్చింది. బయటికొచ్చే నీళ్లు బకెట్లలో పట్టి తోడికోడలు మెట్లు కడిగింది. కింది ఇంటావిడ తలుపు తీసి, ఈ రోజేంటి విశేషం అని అడిగింది. తువ్వాళ్లకు స్నానం అని చెప్పింది తోడికోడలు.

నీళ్లు తేటగా వచ్చాక అసలు ఉతుకు మిగిలింది. ఆమె మిషనుతో వచ్చిన చిన్న గరిటె వెతికి తెచ్చింది. దాంతో ఒకే గరిటె, అంచు గీసి, సొరుగులో పోసింది. మీట నొక్కి కూర్చుంది.

నురగ లేవలేదు. తువ్వాళ్లు ఉత్తనీళ్లలో తిరుగుతున్నట్టే ఉన్నాయి.

పొద్దుటినుంచి చేసిన పనంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గీరడం, తోమడం చేతులతో చేసే పని. ఇప్పుడు చేతులతో ఏమీ చెయ్యకుండా ఉండాలి. ఈ నురగకు మామగారైతే గిన్నె విసిరేసేవారు. ఆమె కుడిచెయ్యి డబ్బా మూత మీద ఉంది. ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియదు.

"అమ్మాయ్, ఇలా రా. ఈ డబ్బా తీసుకెళ్లి దాచెయ్. నేనడిగినా ఇవ్వకు."

"తిట్టినా?"

"తిట్టినా."

తోడికోడలు డబ్బా తీసుకెళ్లింది. కాసేపయ్యాక, "అడగవేంటి అక్కా, నేను కాచుక్కూర్చున్నాను," అని గదిలోంచి అరిచింది.

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఉతుకు అయిపోయేదాకా అద్దంలోకి చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు పొద్దున ఆమె తువ్వాళ్ల దొంతర తనే ఎత్తుకుని షాపుకు వెళ్లింది. లాండ్రీ అతను అప్పటికే బెంచీ మీద ఖాళీ సంచితో కూర్చుని ఉన్నాడు.

"రండి వదినగారూ. ఇవాళ్టినుంచి మీకు విశ్రాంతే."

"నాకు విశ్రాంతి ఇచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు," అంది. దొంతర అరలో పెట్టింది.

మరిది ఒక తువ్వాలు తీసి మడత మీద నిలబెట్టబోయాడు. అది కూలబడింది. ఇంకోసారి నిలబెట్టాడు. ఈసారి అతని చేతి మీదే వాలిపోయింది.

"నిలబడటం లేదు వదినా."

"నిలబడకూడదు."

అతను ఆమె వైపు చూసి ఏదో అనబోయాడు. ఈలోగా గడియారాల తాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ రోజైనా నా తోలు నాకు మిగులుస్తారా?"

మరిది గడ్డం గీశాడు. కెటిలులోంచి వేడినీళ్లు వంచి తువ్వాలు ముంచాడు. తువ్వాలు నీళ్లు తాగి బరువెక్కింది. పిండి, దులిపి, తాత చెంపల మీద పరిచి అదిమాడు. మెడలోకి ఒక్క చుక్క కారలేదు. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. లాండ్రీ అతను సంచి ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగాడు. బెంచీ మీదవాళ్లు మాటలాపారు.

తాత కళ్లు తెరిచాడు.

"అందరూ నన్నే చూస్తుంటే నిద్రెలా పడుతుందిరా?"

మరిది కత్తి తుడవడానికి తిరిగాడు. లాండ్రీ అతను సీలింగు చూశాడు. ఆమె వీధిలోకి చూసింది. ఎదురుగా ఎవరో దుకాణం షట్టరు ఎత్తుతున్నారు. సైకిలు ఒకటి వెళ్లింది. ఇంకొకటి వెళ్లింది.

వెనకనుంచి సన్నగా గురక వినబడింది.

ఆమె వెంటనే తిరగలేదు. ఇంకొకసారి వినబడ్డాక తిరిగింది. తాత నోరు కాస్త తెరుచుకుని ఉంది. తువ్వాలు అంచు ఊపిరికి లేచి పడుతోంది.

"మరి బుట్ట?" అన్నాడు లాండ్రీ అతను మరిదితో.

"గట్టిగా మాట్లాడకయ్యా," అన్నాడు మరిది. "ముసలాయన లేస్తాడు."

లాండ్రీ అతను కాసేపు కూర్చుని, సంచి మడిచి చంకలో పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆమె మూలనున్న బుట్టలోంచి వాడిన తువ్వాళ్లు ఎత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కెటిలు మూత ఎత్తి లోపలికి చూసింది.

"గార కట్టింది," అంది మెల్లగా. "సాయంత్రం ఇది కూడా తీసుకురా."

"నిన్ననే కదా ఒళ్లు హూనం చేసుకున్నావు. ఒక రోజు ఆగరాదూ?"

"మన షాపు కెటిలు. నేను చూసుకుంటాను."

ఇంటికి వెళ్లి, వాడిన తువ్వాళ్లను ఒక్కొక్కటే కిటికీ బయట గట్టిగా దులిపింది. వెంట్రుకలు గాలికి పోయాయి. చిన్న గరిటె కోసం తోడికోడలిని అడిగితే, ఆమె తనే వచ్చి ఒక్క గరిటె పోసి, డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మిషను తిరిగింది. అద్దంలో నీళ్లు, నీళ్లలో తువ్వాళ్లు. ఏ తువ్వాలు ఎటు వెళుతోందో కనబడుతోంది. ఆమె చెయ్యి అలవాటుగా పక్కకు, డబ్బా ఉండే చోటికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.